క్యారియర్ కదిలితే యుద్ధమేనా?

2017 ఏప్రిల్ 8న అమెరికా పసిఫిక్ కమాండ్ ఒక ప్రకటన చేసింది. సింగపూర్ నుంచి ఆస్ట్రేలియా రేవులకు వెళ్లాల్సిన కార్ల్ విన్సన్ విమానవాహక నౌక ఆ సందర్శన రద్దు చేసుకుని ఉత్తర దిక్కుగా పశ్చిమ పసిఫిక్‌కు బయల్దేరుతోందని అందులో ఉంది. ఉత్తర కొరియా వరుస క్షిపణి పరీక్షలతో అప్పటికే ఆ ప్రాంతం వేడెక్కి ఉంది. నాలుగు రోజుల తర్వాత అధ్యక్షుడు ట్రంప్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, మహా శక్తిమంతమైన నౌకాబలగాన్ని పంపుతున్నామని చెప్పారు. ఇంకేముంది, కొరియా యుద్ధం ఇవాళా రేపా అన్నట్టు ప్రపంచ పత్రికలు రాశాయి. ఆ వారంలోనే, ఏప్రిల్ 15న, విన్సన్ సుండా జలసంధి దాటుతుండగా అమెరికా నౌకాదళమే ఒక ఫొటో తీసి బయటపెట్టింది. సుండా జలసంధి ఉన్నది ఇండోనేషియాలో, జావా, సుమత్రా దీవుల మధ్య. కొరియాకు అక్కడి నుంచి 5,000 కిలోమీటర్లకు పైనే. పైగా నౌక వెళుతున్నది దక్షిణంగా, హిందూ మహాసముద్రంలోకి, ముందే ఒప్పుకున్న ఆస్ట్రేలియా విన్యాసాల కోసం. రెండు మూడు రోజుల తర్వాత గాని ఆ ఫొటోలోని సంగతి ఎవరి కంటా పడలేదు. విన్సన్ నెలాఖరుకు కొరియా సముద్రానికి చేరింది. నవంబరులో రీగన్, నిమిట్జ్, రూజ్‌వెల్ట్ అనే మూడు క్యారియర్లు ఒకేసారి ఆ జలాల్లో విన్యాసాలు చేశాయి. యుద్ధం మాత్రం రాలేదు. మరుసటి ఏడాది జూన్‌లో ట్రంప్, ఉత్తర కొరియా అధినేత కిమ్ సింగపూర్‌లో చేతులు కలిపారు.

ఇదంతా దూరదేశపు ముచ్చట అని మనం వదిలేయడానికి లేదు. గల్ఫ్‌లో ఉద్రిక్తత పెరిగిన ప్రతిసారీ మన టీవీల్లో ఇదే వరస నడుస్తుంది. మ్యాపు మీద ఓడ బొమ్మ, దాని వెనక ఎర్ర బాణం, కింద ‘గల్ఫ్‌కు మరో క్యారియర్’ అనే స్క్రోలింగ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, రాయచోటిలో, కోనసీమలో ఆ బాణాన్ని చూసి గుండె దడదడలాడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. కొడుకు దుబాయ్‌లో, భార్య కువైట్‌లో ఉన్నవారికి అది అంతర్జాతీయ రాజకీయం కాదు. వచ్చేయమని చెప్పాలా, ఉన్న ఉద్యోగం పట్టుకుని ఉండమనాలా అనేది వాళ్ల ప్రశ్న. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షమందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించాల్సి వచ్చింది. కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ఆ భయాన్ని దేనికి ముడిపెట్టాలి అన్నదే విషయం. నా ఉద్దేశంలో, విమానవాహక నౌక రాకకు ముడిపెట్టకూడదు. అది పదిమందికీ కనబడాలని పంపే నౌక. యుద్ధానికి నిజంగా దిగబోయే దేశం చేసే పనులు వేరే ఉంటాయి. వాటికి బోలెడు ఖర్చవుతుంది, వాటిని ఎక్కువ కాలం సాగదీయడం కుదరదు, టీవీలో చూపించడానికి ఒక బొమ్మ కూడా దొరకదు. కన్నేసి ఉంచాల్సింది వాటి మీద.

ముందు ఈ నౌక సంగతి చూద్దాం. అమెరికా నిమిట్జ్ తరగతి క్యారియర్ పొడవు సుమారు 333 మీటర్లు, బరువు లక్ష టన్నుల దరిదాపు. 60కి పైగా విమానాలు, హెలికాప్టర్లు, సుమారు 5,000 మంది మనుషులు దాని మీద ఉంటారు. అణు రియాక్టర్లతో నడుస్తుంది కాబట్టి దాని ఇంజన్లకు చమురు అక్కర్లేదు. విమానాల ఇంధనం, బాంబులు, ఆహారం మాత్రం సరఫరా నౌకలు నడిసముద్రంలో అందించాల్సిందే. అమెరికా దగ్గర ఇలాంటివి కనీసం 11 ఉండాలని అక్కడి చట్టమే చెబుతోంది. పదకొండూ ఎప్పుడూ సముద్రంలో ఉంటాయనుకుంటే పొరపాటు. 50 ఏళ్ల ఆయుష్షున్న ఈ నౌకకు మధ్యలో ఒకసారి రియాక్టర్ ఇంధనం మార్చాలి. ఆ పనికి నాలుగేళ్లు పడుతుందని లెక్క. జార్జ్ వాషింగ్టన్ విషయంలో 2017లో మొదలైన పని 2023 దాకా సాగింది. మిగిలిన వాటిలో కొన్ని మరమ్మతుల్లో, కొన్ని శిక్షణలో ఉంటాయి. ఒకటి విధుల్లో ఉండాలంటే దాని వెనక మరో రెండు ఉండాలని నౌకాదళాల్లో మోటు లెక్క ఒకటుంది. విధుల మీద వెళ్లిన నౌక ఏడెనిమిది నెలలకు ఇంటిదారి పడుతుంది, దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. వచ్చేది, పోయేది కొన్ని రోజులు ఒకే సముద్రంలో కనబడతాయి. సింగరేణి గని దగ్గర షిఫ్టు మారేటప్పుడు గేటు ముందు రెట్టింపు మంది కనబడితే బొగ్గు ఉత్పత్తి రెట్టింపైందని ఎవరూ అనరు. క్యారియర్ల విషయంలో మాత్రం ఆ తప్పు లెక్కే పదేపదే వార్తవుతోంది.

2007లో జరిగింది చూడండి. ఆ జనవరిలో అధ్యక్షుడు బుష్ గల్ఫ్ ప్రాంతానికి అదనంగా మరో క్యారియర్ బృందాన్ని పంపుతున్నట్టు ప్రకటించారు. ఐసెన్‌హోవర్ అప్పటికే అక్కడుంది, స్టెనిస్ వచ్చి చేరింది. ఏప్రిల్‌లో నిమిట్జ్ అమెరికా నుంచి బయల్దేరగానే, మూడో క్యారియర్ వస్తోంది, ఇరాన్ మీద దాడి ఖాయమని ప్రపంచమంతా పుకారు పాకింది. నిమిట్జ్ వచ్చింది ఐసెన్‌హోవర్‌కు బదులుగా. మే 23న స్టెనిస్, నిమిట్జ్‌లతో సహా తొమ్మిది యుద్ధనౌకలు పట్టపగలు హార్ముజ్ జలసంధి దాటి గల్ఫ్‌లోకి ప్రవేశించాయి. చూసినవాళ్లకు యుద్ధం రేపే అనిపించి ఉంటుంది. కాస్త ఆలోచిస్తే, అంతా చూడాలని వెళ్లినవాడి నడక అది అని తెలుస్తుంది. హార్ముజ్ ఇరుకైన చోట 40 కిలోమీటర్ల వెడల్పు కూడా లేదు. లోపల గల్ఫ్ లోతు తక్కువ, ఉత్తరపు ఒడ్డంతా ఇరాన్‌దే. క్షిపణులు, మందుపాతరలు, వేగపు పడవలు అన్నీ అక్కడే ఉంటాయి. 2002లో అమెరికా సొంతంగా జరుపుకున్న యుద్ధ క్రీడలో, ఇలాంటి జలాల్లో శత్రుపక్షంగా ఆడిన విశ్రాంత మెరైన్ జనరల్ పాల్ వాన్ రైపర్ 16 నౌకలను, వాటిలో ఒక క్యారియర్‌ను, లెక్కల్లో ముంచేశాడు. ఇరాన్‌తో తలపడబోయే సేనాపతి తన అతి ఖరీదైన నౌకను ఆ ఇరుకులోకి తోలుకుపోడు. బయట, అరేబియా సముద్రంలో, దూరంగా నిలబెడతాడు. 2019 మేలో ఇరాన్‌కు హెచ్చరికగా పంపామని చెప్పిన అబ్రహం లింకన్ నవంబరు దాకా హార్ముజ్ లోపలికి అడుగే పెట్టలేదు. ఆ మధ్యలో జూన్ 20న ఇరాన్ అమెరికా డ్రోన్‌ను కూల్చినా, ఎదురుదాడికి అంతా సిద్ధమైన చివరి గడియలో ట్రంప్ వెనక్కి తగ్గారు. అన్నట్టు, ఆ లింకన్ కూడా హెచ్చరిక వెలువడడానికి నెల ముందే, ఏప్రిల్ 1న, తన మామూలు విధుల కోసం రేవు వదిలింది.

నౌకలు తగ్గితే శాంతి వచ్చినట్టేనా? అదీ కాదు. 2012లో ఇరాన్‌తో మాటల యుద్ధం ముదిరిన రోజుల్లో గల్ఫ్ ప్రాంతంలో ఎప్పుడూ రెండు క్యారియర్లు ఉండేలా అమెరికా చూసుకుంది. 2013 ఫిబ్రవరిలో వాటిని ఒకటికి తగ్గించింది. కారణం టెహ్రాన్‌తో రాజీ కుదరడం కాదు. వాషింగ్టన్‌లో బడ్జెట్ కోతలు మొదలై, ట్రూమన్ నౌక ప్రయాణాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఇరాన్ అణు కార్యక్రమం అప్పుడూ అలాగే ఉంది, పగ అలాగే ఉంది. సముద్రంలోని లెక్క మారింది ఖజానా వల్ల. అలాంటి లెక్కను పట్టుకుని యుద్ధానికి ముహూర్తం కట్టడం ఎంతవరకు సబబు?

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, 1991లోనూ 2003లోనూ క్యారియర్లు చేరాకే యుద్ధం వచ్చింది కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 1991 జనవరిలో ఇరాక్ మీద దాడి మొదలైనప్పుడు ఆరు క్యారియర్లు పాల్గొన్నాయి. 2003లో ఐదు. కానీ 1990 ఆగస్టులో కువైట్ ఆక్రమణ జరిగిన కొద్ది రోజులకే ఇండిపెండెన్స్ క్యారియర్ ఆ దాపుకు చేరుకుంది. యుద్ధం మొదలైంది ఐదు నెలల తర్వాత. ఆ ఐదు నెలల్లో ఐదు లక్షలకు పైగా అమెరికా సైనికులు సౌదీ ఎడారికి తరలారు. ఉద్యోగాలు చేసుకుంటున్న రిజర్వు సైనికులను పిలిపించారు. అంతమందిని నిరవధికంగా ఎడారిలో కూర్చోబెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, వాడుకోవాలి లేదా వెనక్కి పిలవాలి. 2003లోనూ అంతే. జనవరిలో కంఫర్ట్ అనే ఆస్పత్రి నౌక బాల్టిమోర్ రేవు వదిలింది. కువైట్‌లో పదాతి దళాలు పేరుకున్నాయి. మార్చి 18న ఐక్యరాజ్య సమితి ఆయుధ తనిఖీదారులు బాగ్దాద్ ఖాళీ చేశారు. రెండు రోజులకు బాంబులు పడ్డాయి. ఆస్పత్రి నౌకను ఎవరూ బెదిరించడానికి పంపరు. గాయపడేవాళ్లు ఉంటారనుకుంటేనే పంపుతారు. కాబట్టి పెద్ద యుద్ధానికి క్యారియర్లు కావాలన్న మాట నిజమే. అవి వచ్చాయి గనుక యుద్ధం వస్తుందన్న మాట మాత్రం దాని నుంచి తేలదు. కొన్నిసార్లు నౌక కంటే దాని డెక్ మీద ఏముందన్నదే ఎక్కువ చెబుతుంది. 2001లో అఫ్గానిస్తాన్ యుద్ధానికి ముందు కిట్టీహాక్ జపాన్ రేవు నుంచి తన విమానాల్లో ఎక్కువ భాగాన్ని దింపేసి బయల్దేరింది. ప్రత్యేక దళాల హెలికాప్టర్లకు చోటు చేయడానికి. ఆ ఖాళీ డెక్‌ను గమనించినవాడికి రాబోయే యుద్ధం ఏ తరహాదో అర్థమై ఉండాలి.

ఈ వాదనకు గట్టి రుజువు 2025 జూన్. ఆ నెలంతా జనం క్యారియర్లనే చూశారు. కార్ల్ విన్సన్ ఏప్రిల్ నుంచే అరేబియా సముద్రంలో ఉంది. జూన్ 16న నిమిట్జ్ వియత్నాంలోని దానాంగ్ రేవు సందర్శన మానుకుని పశ్చిమానికి మళ్లిందన్న వార్త అన్ని చానెళ్లలోనూ మోగిపోయింది. కానీ అప్పటికే ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టి మూడు రోజులైంది. దాన్ని ముందుగా పట్టిచ్చిన సంగతి ఏది? జూన్ 11న అమెరికా బాగ్దాద్ రాయబార కార్యాలయం నుంచి అత్యవసరం కాని సిబ్బందిని వెనక్కి పిలిచింది. బహ్రెయిన్, కువైట్‌లలోని తన వాళ్ల కుటుంబాలు కావాలంటే వెళ్లిపోవచ్చని అనుమతిచ్చింది. ఆ వార్తకు నౌక బొమ్మ లేదు, బాణం లేదు. 13వ తేదీ తెల్లవారుజామున దాడి జరిగింది. ఆ తర్వాత అమెరికా కూడా దిగుతుందా అని లోకం ఊపిరి బిగబట్టి చూస్తున్నప్పుడు జరిగినవి మరో రెండున్నాయి. గాలిలోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలు పాతిక ముప్పై ఒక్కసారిగా అట్లాంటిక్ దాటి యూరప్‌కు వచ్చాయి. ఖతార్‌లోని అల్ ఉదెయిద్ స్థావరంలో జూన్ మొదట్లో బారులు తీరిన విమానాలు, ఉపగ్రహ చిత్రాల్లో 19వ తేదీకల్లా దాదాపు మాయమయ్యాయి. ఎదురుదెబ్బ తగిలే చోట నుంచి సొంత ఆస్తిని తప్పిస్తున్నాడంటే మొదటి దెబ్బ కొట్టడానికి సిద్ధపడుతున్నాడని అర్థం.

దెబ్బ పడిన తీరు ఇంకా ముఖ్యం. జూన్ 22న ఫోర్దో, నతాంజ్ అణు కేంద్రాల మీద భారీ బాంబులు వేసినవి ఏ క్యారియర్ నుంచో లేచిన విమానాలు కావు. అమెరికా నడిబొడ్డున, మిజోరీ రాష్ట్రంలోని వైట్‌మన్ స్థావరం నుంచి ఏడు బీ-2 బాంబర్లు లేచి, 18 గంటలు ఎగిరి అక్కడికి చేరాయి. ఇస్ఫహాన్ మీదకు టోమహాక్ క్షిపణులు వదిలింది ఒక జలాంతర్గామి. అది ఎక్కడుందో ముందు ఎవరికీ తెలియదు. అంతకంటే చిత్రం, అదే సమయంలో మరికొన్ని బీ-2లు పడమరగా, పసిఫిక్ మీదుగా గువామ్ వైపు ఎగిరాయి. విమానాల జాడ తీసే ఔత్సాహికులు వాటినే పట్టుకున్నారు, ప్రపంచ పత్రికలు వాటి గురించే రాశాయి. అసలువి తూర్పుగా, చడీచప్పుడు లేకుండా వెళ్లాయి. కంటికి చిక్కింది ఎర మాత్రమేనని అమెరికా సైన్యమే తర్వాత చెప్పింది. చూపించదలచుకున్నది చూపించి, దాచదలచుకున్నది దాచగలిగిన సైన్యం విషయంలో, చూపించిన దాన్నిబట్టి తేదీలు చెప్పేవారు ఆ సైన్యానికి సాయం చేస్తున్నట్టే.

ఈ ఎత్తు మనకు కొత్త కాదు. 1971లో విశాఖపట్నం సాక్షిగా భారత నౌకాదళం దీన్ని తానే ప్రయోగించింది. అప్పటి మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ తన జలాంతర్గామి గాజీని కరాచీ నుంచి బంగాళాఖాతానికి పంపింది. విక్రాంత్ బాయిలర్‌లో పగుళ్లు, వేగం అంతంత మాత్రం. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని అండమాన్ దీవుల్లో దాచి, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను విశాఖ దగ్గర విక్రాంత్‌లా నటింపజేశారు. పెద్ద నౌకకు తగ్గట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. విశాఖ కాంట్రాక్టర్లకు కుప్పలుగా మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు, బజారులో చెవులున్న గూఢచారులకు అది చేరాలని. తల్లికి జబ్బుగా ఉందని, ఎలా ఉందో తెలపమని విక్రాంత్ నావికుడు ఇచ్చినట్టుగా ఒక తంతిని బహిరంగంగా పంపారు. గాజీ నమ్మింది. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు ముందు 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మనవాళ్లు, లోపలి పేలుడు వల్లనని పాకిస్తాన్ వాళ్లు అంటారు. ఏమైనా అది వెతికిన విక్రాంత్ అక్కడ లేదు. ఆ వెంటనే దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. అదే డిసెంబరులో అమెరికా ఎంటర్‌ప్రైజ్ క్యారియర్‌ను బంగాళాఖాతంలోకి పంపినప్పుడు దేశమంతా కలవరపడింది. విక్రాంత్‌కు నాలుగింతలున్న ఆ నౌక ఒక్క తూటా పేల్చలేదు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ ఆ నౌకతో మాస్కోకు, బీజింగ్‌కు ఒక సంకేతం పంపాలనుకున్నారు. పంపారు, అంతే.

అలాగని క్యారియర్ రాకలో ప్రమాదమే లేదని నేను అనను. ఇక్కడే అన్నింటికంటే బలమైన అభ్యంతరం ఉంది. బెదిరించడానికి వెళ్లిన నౌకే యుద్ధానికి కారణం కావచ్చు. 1964 ఆగస్టు 4 రాత్రి టాంకిన్ సింధుశాఖలో తమ డిస్ట్రాయర్ల మీద దాడి జరిగిందని అమెరికా ప్రకటించింది. మరునాడు టికాండెరోగా, కాన్‌స్టెలేషన్ క్యారియర్ల విమానాలు ఉత్తర వియత్నాం మీద బాంబులు కురిపించాయి. ఆ రాత్రి దాడి జరగనే లేదని తర్వాత తేలింది. అప్పటికి లక్షల ప్రాణాలు పోయాయి. 1988 జూలై 3న విన్సెన్స్ అనే క్రూయిజర్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధ విమానమనుకుని కూల్చింది. 290 మంది చనిపోయారు. ఇరుకు సముద్రంలో ఆయుధాలు, అనుమానాలు కిక్కిరిసిన చోట ఒక పొరపాటు చాలు. కాబట్టి క్యారియర్ వెళ్లిందంటే ప్రమాదం పెరిగిందని అనడం న్యాయమే. దాడికి తేదీ ఖాయమైందని అనడం వేరు. మొదటిది జాగ్రత్త, రెండోది పుకారు. ఆ పుకారు కూడా నిప్పు రాజేయగలదు. అవతలి ప్రభుత్వం దాన్ని నమ్మితే ముందుగా తానే కొట్టాలనుకుంటుంది.

2025 మే 8 రాత్రి మన దేశంలోనే ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ సాగుతుండగా, పాతదాని పేరే పెట్టుకున్న కొత్త విక్రాంత్ కరాచీ రేవును ధ్వంసం చేసిందని పలు టీవీ చానెళ్లు గొంతు చించుకున్నాయి. వేరే దేశాల మంటల వీడియోలు తెచ్చి చూపించాయి. అది అబద్ధం. మే 11న నౌకాదళం చెప్పింది ఒక్కటే. ఉత్తర అరేబియా సముద్రంలో తాము మోహరించామని, అనుకున్న సమయంలో కరాచీతో సహా లక్ష్యాలను కొట్టడానికి సిద్ధంగా ఉన్నామని. ఉండటమే అక్కడ నౌక చేసిన పని. ఆ రోజుల్లోనే విక్రాంత్ ఎక్కడుందో చెప్పమంటూ ప్రధాని కార్యాలయం పేరు చెప్పి కొచ్చి నౌకా స్థావరానికి ఫోన్ చేసినవాడిని కేరళ పోలీసులు అరెస్టు చేశారు. సొంత నౌక జాడ కూడా ఇంత గుట్టుగా ఉంచాల్సిందైనప్పుడు, వేల కిలోమీటర్ల అవతలి నౌక బాణం గీతను నమ్మి రాత్రంతా యుద్ధ చర్చలు పెట్టడం పాత్రికేయం అనిపించుకోదు.

కాబట్టి ఈసారి అలాంటి స్క్రోలింగ్ వచ్చినప్పుడు సంపాదకులు ప్రేక్షకుల తరఫున నాలుగు విషయాలు కనుక్కుని చెప్పాలి. వచ్చిన నౌక కొత్తగా చేరిందా, పాతదాని బదులు వచ్చిందా? ట్యాంకర్ విమానాలు, ఆస్పత్రి నౌకలు, మందుపాతరలు ఏరే నౌకలు కదిలాయా? రాయబార సిబ్బంది కుటుంబాలు ఇంటికి బయల్దేరాయా? విమాన సంస్థలు ఆ గగనతలం మీదుగా ఎగరడం మానేశాయా? గల్ఫ్‌లో మనవాళ్లున్న కుటుంబాలకు కూడా నేను చెప్పేది ఇదే. ఓడ బొమ్మను చూసి ఉద్యోగం వదిలి రమ్మని ఒత్తిడి చేయకండి. మీవాళ్ల పాస్‌పోర్టు వాళ్ల చేతిలోనే ఉందో, యజమాని దగ్గర ఇరుక్కుందో ఇవాళే కనుక్కోండి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించండి. ఆ కార్యాలయం బయల్దేరమని సూచన ఇచ్చిన రోజున మాత్రం జీతం బకాయి కోసమని ఒక్క పూట కూడా ఆగమనకండి.